డోలు నుంచి డిగ్రీ దాకా: విశ్వవిద్యాలయంలో మన పాట

2024వ సంవత్సరం ఆదివాసీ సంగీతానికి పెద్ద లోటు మిగిల్చింది. ఆ ఏడాది జూన్‌లో కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు, అక్టోబర్‌లో గుస్సాడీ గురువు కనకరాజు గారు కన్నుమూశారు. రామచంద్రయ్య గారిది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం. కనకరాజు గారిది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయి. కనకరాజు గారికి 2021లో, రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ఇద్దరూ కాలేజీలో సంగీతం చదివినవారు కాదు. పెద్దల వెంట తిరిగి, పండుగల్లో, జాతరల్లో నేర్చుకున్నవారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ మాట విన్నప్పుడు మీలో కొందరికి ఒక అనుమానం రావచ్చు. అంత గొప్పవాళ్లే కాలేజీకి పోకుండా నేర్చుకున్నప్పుడు, మన పాటకు డిగ్రీ ఎందుకు? ఇంట్లో అమ్మానాన్నలు అడిగే ప్రశ్న వేరు. సంగీతం చదివితే కడుపు నిండుతుందా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. వీటికి జవాబు చెప్పాలంటే సంగీతం మన దేశంలో కాలేజీ మెట్లు ఎప్పుడు ఎక్కింది, ఎవరి సంగీతం ఎక్కింది, మన పాట ఎందుకు బయట ఉండిపోయింది అనే చరిత్ర తెలియాలి.

కొలువుల నుంచి కాలేజీకి

ఒకప్పుడు శాస్త్రీయ సంగీతం కూడా తరగతి గదిలో నేర్పే చదువు కాదు. గురువు ఇంట్లో ఉండి, సేవ చేసి, వింటూ నేర్చుకునేది. గురువుకు రాజు కొలువో, గుడి మాన్యమో ఆధారం. ఈ పద్ధతి 19వ శతాబ్దం చివర్లో మారడం మొదలైంది. 1886లో బరోడాలో శాయాజీరావు గైక్వాడ్ మౌలాబఖ్ష్ గారి ఆధ్వర్యంలో సంగీత పాఠశాల పెట్టించారు. 1901లో విష్ణు దిగంబర్ పలుస్కర్ లాహోర్‌లో గాంధర్వ మహావిద్యాలయం స్థాపించారు. సంగీతం నేర్వాలంటే సంగీతం ఇంట్లోనే పుట్టి ఉండాలన్న కట్టుబాటు అక్కడ సడలింది.

తెలుగు నేల మీద ఆ పని విజయనగరంలో జరిగింది. 1919లో మహారాజా విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఈ కళాశాల గురించి ఒక ముచ్చట చెబుతారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరుదామని వెళ్తే, ఆయన వాయించింది విని, ఆయన్నే వయొలిన్ ఆచార్యుడిగా తీసుకున్నారట. తర్వాత 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. పట్టా అడగకుండా పాండిత్యం చూసి గురువుగా కూర్చోబెట్టిన ఈ చరిత్రను గుర్తుపెట్టుకోండి. మన వాదనకు ముందు ముందు పనికొస్తుంది.

ఆ కళాశాలలో చదివినవారిలో ఘంటసాల వెంకటేశ్వరరావు గారు ఉన్నారు, పి. సుశీల గారు ఉన్నారు. పాట చదువు ఒక జీవనోపాధి కాగలదని తెలుగువాళ్ల ఇళ్లలో నమ్మకం కలగడానికి ఇలాంటి పేర్లు సాయపడ్డాయి. కొద్ది ఏళ్లలోనే దక్షిణాదిన మరికొన్ని చోట్ల సంగీతం ఉన్నత విద్యలో భాగమైంది. చిదంబరంలో 1929లో అన్నామలై చెట్టియార్ సంగీత కళాశాల పెట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో 1932లో సంగీత బోధన మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని ఖైరాగఢ్‌లో, అక్కడి రాజకుటుంబం ఇచ్చిన భవనంలో ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం వెలిసింది. మొత్తం విశ్వవిద్యాలయమే కళల కోసం.

ఇదంతా మంచి చరిత్రే. కానీ ఆ కాలేజీల పాఠ్యాంశాలు చూస్తే స్వరాలు, రాగాలు, తాళాలు, కృతులు, ఖయాల్‌లు కనిపిస్తాయి. గుస్సాడీ దరువు కనిపించదు. థింసా మోరి వినిపించదు. డోలీలు చెప్పే వీరుల కథ ఉండదు. పాఠంగా రాయడానికి వీలైనదే చదువు అనుకున్నారు. మన పాట కాగితం మీద లేదు, మనుషుల్లో ఉంది.

మన పాట ఇంకో గదిలోకి వెళ్లింది

అలాగని విశ్వవిద్యాలయాలు మన పాటను పట్టించుకోలేదని కాదు. పట్టించుకున్నాయి, కాకపోతే సంగీత శాఖలో కాదు. మానవ శాస్త్రం శాఖలో, భాషా శాస్త్రం శాఖలో.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలతో కలిసి మెలిసి వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర భాష మీద 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆయన అప్పుడే పట్టుబట్టారు.

ఆదిలాబాద్ అడవుల్లో ఇంకో చరిత్ర నడిచింది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడైన తర్వాత, గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌ను నియమించింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో ఉన్నారు. గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం అక్కడే మొదలైంది. పర్ధాన్‌లు కీక్రి వాయిస్తూ చెప్పే గోండు పురాణ గాథలను ఆయన విని, రాయించుకుని, 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద పుస్తకం ప్రచురించారు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

ఈ మేలును మన పెద్దలు మరువలేదు. మార్లవాయిలో హైమెండార్ఫ్ దంపతులకు ఇప్పటికీ నివాళులు అర్పిస్తారు. అయినా ఒక సంగతి గమనించాలి. ఆ గాథ పాడిన పర్ధాన్ ఆ పుస్తకంలో సమాచారం ఇచ్చినవాడు. రాసినవాడు పండితుడు. పాట ఒకరిది, పట్టా ఒకరిది. విశ్వవిద్యాలయంలోకి మన పాట వెళ్లింది గాని, పాడేవాడు గుమ్మం బయటే ఉండిపోయాడు. దాదాపు అన్నిచోట్లా 20వ శతాబ్దంలో చాలా కాలం జరిగింది ఇదే.

రాంచీలో తిరిగిన మలుపు

ఆ గుమ్మం దాటించిన మనిషి పేరు డాక్టర్ రామ్ దయాళ్ ముండా. మన యువత చదవవలసిన జీవితం ఆయనది.

ఆయన 1939లో ఇప్పటి జార్ఖండ్‌లోని తమాడ్ ప్రాంతం దివురి గ్రామంలో ముండా కుటుంబంలో పుట్టారు. ముండాల భాష ముండారీ. మన ఉత్తరాంధ్ర సవర, గదబ భాషలు కూడా ముండా భాషా కుటుంబానివే. అంటే ఆయన మనకు భాష వరసలో చుట్టమే. రాంచీలో మానవ శాస్త్రం చదివి, అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో భాషా శాస్త్రంలో డాక్టరేట్ చేశారు. తర్వాత మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. అక్కడ ఆయన భాష ఒక్కటే నేర్పి ఊరుకోలేదు. అమెరికా విద్యార్థులకు ముండారీ పాట నేర్పి, వాళ్లతో బృందం కట్టి, తానూ వేణువు పట్టారు.

అంత మంచి ఉద్యోగం వదులుకుని 1980ల మొదట్లో రాంచీ తిరిగొచ్చారు. బిర్సా ముండా ఉద్యమ చరిత్ర రాసిన కుమార్ సురేష్ సింగ్ గారు అప్పుడు రాంచీ విశ్వవిద్యాలయం ఉపకులపతి. ఆయన పిలుపు మీద ముండా గారు అక్కడ గిరిజన, ప్రాంతీయ భాషల శాఖను నిలబెట్టారు. తొమ్మిది భాషలు: ముండారీ, సంతాలీ, హో, ఖడియా, కురుఖ్ అనే ఐదు ఆదివాసీ భాషలు, నాగపురి, పంచపరగనియా, ఖోర్ఠా, కుర్మాలీ అనే నాలుగు ప్రాంతీయ భాషలు. వీటిలో కురుఖ్ మన గోండి, కోయ, కొలామీ, తెలుగు లాగే ద్రావిడ భాష.

ఆ శాఖలో జరిగిన అసలు మార్పు ఏమిటంటే, పాటను భాష నుంచి విడదీయలేదు. ముండా పెద్దల నానుడి ప్రకారం నడకే నాట్యం, మాటే పాట. ఊళ్లో ఆడిపాడే మైదానాన్ని అక్కడ అఖరా అంటారు. ముండా గారు ఆ అఖరాను విశ్వవిద్యాలయం ఆవరణలోకి తెచ్చారు. విద్యార్థులు పొద్దున సాహిత్యం చదివి, నగారా, మాందర్ పట్టుకుని ఆడితే అది కాలక్షేపం కాదు, చదువులో భాగమే. సర్హుల్ పండుగ ఊరేగింపు రాంచీ నగర వీధుల్లో ఘనంగా సాగడం వెనుకా ఆయన కృషి ఉంది. సిగ్గుపడి దాచుకున్న డోలును చదువుకున్న పిల్లలు నలుగురిలో మోయడం మొదలుపెట్టారు.

ఆయన 1980ల నడుమ అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1987లో సోవియట్ యూనియన్‌లో జరిగిన భారత ఉత్సవాలకు వెళ్లిన కళాబృందంలో ఉన్నారు. ఆదివాసుల హక్కుల మీద జెనీవాలో ఐక్యరాజ్యసమితి జరిపిన చర్చల్లో పాల్గొన్నారు. మనం ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకొనేది ఆ చర్చల బృందం 1982లో తొలిసారి సమావేశమైన రోజు కాబట్టే. 2007లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 2010లో పద్మశ్రీ వచ్చాయి. అదే ఏడాది రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 2011 సెప్టెంబర్ 30న కన్నుమూశారు. ఆడేవాడే మిగులుతాడు అని అర్థమొచ్చే ఆయన నినాదం పేరుతోనే మేఘనాథ్, ఆదివాసీ దర్శకుడు బిజు టొప్పో కలిసి ఆయన మీద డాక్యుమెంటరీ తీశారు. పేరు 'నాచీ సే బాంచీ'. వీలైతే చూడండి.

ఉద్యోగాల ప్రశ్నకు కూడా రాంచీ అనుభవంలో జవాబు ఉంది. విశ్వవిద్యాలయంలో శాఖ ఉంటే కాలేజీల్లో అధ్యాపకులు కావాలి. అధ్యాపకులు ఉంటే పుస్తకాలు కావాలి. జార్ఖండ్ పబ్లిక్ సర్వీస్ పరీక్షల్లో ఈ భాషలు పేపరుగా వచ్చాయి. అంటే ఉద్యోగం ముందు పుట్టి చదువు తర్వాత రాలేదు. చదువును నిలబెడితే ఉద్యోగం పుట్టింది.

తెలుగు నేలపై ఈనాడు

మన దగ్గర వాతావరణం పూర్తిగా ఖాళీగా ఏమీ లేదు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇటీవల తెలంగాణలో దానికి సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు. దానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జానపద సంస్కృతి అధ్యయన కేంద్రం ఉంది. విజయనగరం కళాశాల నూరేళ్లు దాటి నడుస్తోంది. హైదరాబాద్ రాంకోటిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీతం శాఖలు ఉన్నాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు ఊరూరా తిరిగి ఆదివాసీ, జానపద వాద్యాలను సేకరించి ప్రదర్శించారు.

ఇప్పుడు మన పేరుతోనే రెండు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలు వచ్చాయి. విజయనగరం జిల్లాలోది 2019లో మొదలైంది. ములుగులోని సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదం లభించింది. సమ్మక్క కథను పడిగె పరచి, డోలు కొట్టి చెప్పేవాళ్లు కోయ డోలీలు. ఆ తల్లుల పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయంలో ఆ కథ చెప్పే విద్య ఒక పాఠంగా ఉండాలని అడగడం అత్యాశ కాదు. పట్టా లేని డోలిని గురువుగా ఎలా పెడతారని ఎవరైనా అంటే, 1919 నాటి విజయనగరం ముచ్చట చెప్పండి.

చదివితే ఏయే దారులు

ఇక కడుపు నిండే మాట. ఉన్నది ఉన్నట్టు చెబితేనే మేలు. సంగీతం డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగం ఎదురు రాదు. పోస్టులు తక్కువ, ప్రకటనలు ఎప్పుడో గాని పడవు. కానీ దారులు ఉన్నాయి, అవి మనవాళ్లలో చాలామందికి తెలియవు.

మొదటిది బడి. ఏకలవ్య ఆదర్శ గురుకులాలకు సంగీత ఉపాధ్యాయులు కావాలి. 2023లో దేశవ్యాప్తంగా జరిగిన నియామకాల్లో ఈ పోస్టులు ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక స్థాయి సంగీత ఉపాధ్యాయ పోస్టులు ఉంటాయి. వీటికి సంగీతంలో డిగ్రీ కావాలి. ఎంత బాగా పాడినా పట్టా లేకపోతే దరఖాస్తు కూడా పెట్టలేం. గురుకులంలో మన పిల్లలకు మన పాట తెలిసిన టీచర్ వస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

రెండోది కాలేజీ, పరిశోధన. యూజీసీ నెట్ పరీక్షలో సంగీతం ఒక సబ్జెక్టు. గిరిజన, ప్రాంతీయ భాషా సాహిత్యం మరో సబ్జెక్టు. జానపద సాహిత్యం ఇంకో సబ్జెక్టు. పీహెచ్‌డీ చేసే గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. విదేశాల్లో చదవడానికి ఏటా 20 మందికి ఉపకార వేతనం ఇస్తుంది. ప్రజల సంగీతాన్ని వాళ్ల బతుకుతో కలిపి చదివే శాస్త్రం ప్రపంచంలో చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది. దాన్ని ఎత్నోమ్యూజికాలజీ అంటారు. మన పాట మీద ఆ పరిశోధన మనమే చేయవచ్చు.

మూడోది రికార్డింగు, భద్రపరచడం. పరిశోధకులు రికార్డు చేసిన పాటలను దాచి, మన దేశంలో అందుబాటులో ఉంచడానికి 1982లో నజీర్ జైరాజ్‌భాయ్ గారు ఒక ధ్వని భండారం స్థాపించారు. అది ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంది. అలాంటి చోట్ల, గిరిజన మ్యూజియంలలో, డాక్యుమెంటరీలలో పాట తెలిసి, భాష తెలిసి, యంత్రం తెలిసిన మనిషి అవసరం ఉంటుంది. గోండి పాట విని ఇది దండారిదా, పెళ్లిదా అని చెప్పగలిగేది గోండు బిడ్డే. సౌండ్ రికార్డింగు నేర్చుకోవాలంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి.

నాలుగోది వేదిక. ఆకాశవాణి ఆడిషన్ పెట్టి కళాకారులకు గ్రేడ్ ఇస్తుంది. జానపద సంగీతానికీ ఇది ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు రెండేళ్ల పాటు నెలనెలా ఉపకార వేతనం ఇస్తుంది. 25 నుంచి 40 ఏళ్ల వారికి జూనియర్ ఫెలోషిప్ ఉంది. 40 ఏళ్లలోపు కళాకారులకు సంగీత నాటక అకాడమీ బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం ఇస్తుంది. జానపద, గిరిజన కళలు కూడా అందులో ఉన్నాయి. మొత్తాలు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన చూసుకుని దరఖాస్తు చేయండి.

ఒక హెచ్చరిక

సంగీత కాలేజీలో చేరినవాళ్లకు ఒక మాట. అక్కడ నేర్పే కర్ణాటక సంగీతాన్ని శ్రద్ధగా నేర్చుకోండి. చెవికి పదును వస్తుంది, గొంతుకు క్రమశిక్షణ వస్తుంది, స్వరం రాసుకోవడం వస్తుంది. కానీ ఆ కొలతతో మన పాటను కొలిచి, ఇందులో శ్రుతి తక్కువ, రాగం లేదు అనుకోకండి. మన పాటలో ఒకరు ఎత్తుకుంటే గుంపు అందుకుంటుంది. థింసాలో మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మోగుతుంటే చేయీ చేయీ పట్టుకున్న వరస అడుగులు కదుపుతుంది. పాటను అడుగు నుంచి, అడుగును పండుగ నుంచి విడదీస్తే మిగిలేది సగమే. ముండా గారు అఖరాను చదువులోకి తెచ్చింది అందుకే.

ఇంకొకటి. కొన్ని పాటలు దేవుడి ముందే పాడాలి, కొన్ని ఆ కాలంలోనే పాడాలి, కొన్ని ఆ ఇంటివాళ్లే పాడాలి. చదువుకున్నాం గదా అని వాటిని అనుమతి లేకుండా రికార్డు చేసి ఫోన్లలో పెట్టడం తగదు. పెద్దలను, పటేల్‌ను, పూజారిని అడగాలి. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాయాలి. పాట ఒకరిది, పేరు ఒకరిది అనే పాత తప్పు మన చేతుల్లో మళ్లీ జరగకూడదు.

మీ వంతు

ఈ ఏడాది ఇంటర్ పూర్తిచేస్తున్నవాళ్లలో పాట మీద ప్రాణం ఉన్నవాళ్లు సంగీత కళాశాలల ప్రవేశాల గురించి కనుక్కోండి. డిగ్రీలో వేరే సబ్జెక్టు ఉన్నవాళ్లు సాయంత్రాల్లో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఉన్నాయేమో అడగండి. పైచదువుల్లో ఉన్నవాళ్లు మీ పరిశోధనకు మీ గూడెం పాటనే అంశంగా తీసుకోండి. చదువుతో పాటు గూడెంలో ఒక పెద్దమనిషి దగ్గర ఒక వాద్యం పూర్తిగా నేర్చుకోండి. ముండా గారిని నిలబెట్టింది షికాగో డాక్టరేట్ ఒక్కటే కాదు, దివురిలో చిన్నప్పుడు నేర్చిన పాట కూడా. రెండిట్లో ఏది లేకపోయినా రాంచీలో ఆ శాఖ అలా నడిచేది కాదు.

సంఘం పెద్దలకూ ఒక విన్నపం. డాక్టర్, ఇంజనీర్ అయిన పిల్లలను సన్మానిస్తున్నాం, మంచిదే. సంగీతం చదవడానికి ముందుకొచ్చిన పిల్లకు కూడా ఒక శాలువా కప్పండి, హాస్టల్ సీటుకు ఒక మాట చెప్పండి.

కూనవరం డోలు, మార్లవాయి గుస్సాడీ ఇంకా ఆగిపోలేదు. వాటిని మోసే శిష్యులు ఉన్నారు. వాళ్ల పక్కన పట్టా చేతబట్టుకున్న మన బిడ్డ ఒకరు నిలబడితే, ఈసారి విశ్వవిద్యాలయంలోకి పాటతో పాటు పాడేవాళ్లు కూడా అడుగుపెడతారు.

మన పాట మోసిన పెద్దలందరికీ జోహార్లు.